ఇక్రా పాటల డబ్బా

సిరొంచలో సలీమ్ ఇల్లెక్కడో ఎవరినీ అడగనక్కర్లేదు. బస్టాండు దాటి నాలుగడుగులు లోపలికి వేస్తే ఆయన గొంతే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. అహేరిలో ఎస్టీ, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సుల డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా మైకు ముందే గడిచింది. ఏ బస్సు ఎటు పోతుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పి, ఎవరూ అడగకపోయినా తెలుగులో ఇంకోసారి చెప్పేవాడు. రిటైరైన రోజు డిపోవాళ్ళు శాలువా కప్పి సాగనంపారు గాని మైకు చేతికిచ్చి పంపలేదు. ఆ లోటును ఆయన ఇంట్లో ఉత్త గొంతుతోనే పూడ్చుకున్నాడు. వరండాలో కూర్చుని వంటింట్లో ఉన్న భార్యను చాయ్ అడిగితే వీధి చివర ఉన్నవాళ్ళకు కూడా చాయ్ గుర్తుకొచ్చేది.

గొంతు తర్వాత ఆయనకున్న రెండో పేరు వస్తువుల ఎంపికలో. ఫ్యాను కొనాలన్నా, కుక్కర్ కొనాలన్నా, ఆఖరికి గోడ గడియారం కొనాలన్నా వీధిలో వాళ్ళు ఒకసారి సలీమ్ భాయ్ చెవిన వెయ్యక తప్పదు. వెయ్యకపోయినా ఆయన చెవికి చేరుతుంది. చేరాక ఊరుకోడు. ఆయన ఎంచిపెట్టిన మిక్సీ తిరిగితే వెనక వీధిలో ఒకామె మేకలు తాళ్ళు తెంచుకునేవి. సొంత ఇంట్లో ఫ్రిజ్ సంగతి సరేసరి. దాని తలుపు గోడవైపు తెరుచుకుంటుంది. ఖమరున్నీసా పాలగిన్నె తియ్యాలంటే పొట్ట లోపలికి పీల్చుకుని ఏటవాలుగా దూరాలి. అది చూసుకోక కొన్నది కాదనీ, ఊరికూరికే తలుపు తియ్యకుండా కరెంటు ఆదా కావడానికి తానే ఆలోచించి చేసిన ఏర్పాటనీ సలీమ్ అందరికీ చెబుతాడు. చెప్పీ చెప్పీ ఇప్పుడు ఆయనే నమ్ముతున్నాడు.

ఇలాంటి మనిషి వినేలా కోడలు ఫాయిజా అన్నం తింటున్నప్పుడు ఒక మాట జారింది. అంతకుముందు జరిగింది ఇది. మనవరాలు ఇక్రాకు ఐదేళ్ళు. పాటలు పెట్టిన ఫోను ముందు లేకపోతే ముద్ద దిగదు. ఆ పాటలకు బొమ్మలు, బొమ్మల వెనక ఇంకో బొమ్మలు. పిల్ల రెప్ప వెయ్యడం మరిచిపోయి చూసీ చూసీ రోజంతా కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టింది. అహేరిలో కంటి డాక్టరు చూసి, కళ్ళకు జబ్బేమీ లేదనీ, జబ్బల్లా ఇంట్లో పెద్దలు చేతికిచ్చిన ఫోనేననీ అన్నాడు. ఫోను మాన్పిస్తే పిల్ల పాటల కోసం ఇల్లు పీకి పందిరేసింది. అందుకని ఫాయిజా, బొమ్మలు కనపడనిది, పాటలు మాత్రమే వచ్చేది, పిల్ల తనంతట తాను నొక్కుకోగలిగేది, చెవులు పోయేంత మోత పెట్టనిది చిన్న ప్లేయరు ఒకటి తెప్పిద్దామనుకుంటున్నానని భర్త ఫైజ్‌తో మెల్లగా అంది. ఫైజ్ మెడికల్ షాపులో పనిచేస్తాడు. ఏది అడిగినా చూద్దాం అంటాడు. ఆ మాట అనడానికి నోరు తెరిచాడు గాని, అప్పటికే తండ్రి చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఫోన్ల చూసి తెప్పిచ్చుడేంది బేటా? చెవుల పెట్టుకునే సామాను చెవుల్తోనే సూసి కొనాలె. గిది నాకు వదిలిపెట్టు" అన్నాడు.

ఫాయిజాకు తాను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. వంటింట్లోకి పోయి అత్తను చూసింది. ఖమరున్నీసా ఫ్రిజ్ వైపు చూపించింది.

మర్నాడే సలీమ్ గణపతి దుకాణానికి పోయాడు. గణపతి ఫ్యాన్లు, టీవీలు, పెళ్ళిళ్ళలో మోగించే స్పీకరు డబ్బాలు అమ్ముతాడు. ఐదేళ్ళ పిల్లకని, కోడలు చిన్నది అడిగిందని చెప్పగానే అతను చిన్నవి నాలుగు తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. సలీమ్ వాటిని వేలితో ఒకటొకటిగా పక్కకు నెట్టేశాడు. ఆయన చూపు మూలన ఉన్న చక్రాల స్పీకరు మీద పడింది. దాన్ని రోడ్డు మీదికి లాగించి, గొంతు తెరిపించి, తాను బస్టాండు దాకా నడుచుకుంటూ పోయి అక్కడ నిలబడి విన్నాడు. వినపడింది. అక్కడితో ఎంపిక అయిపోయింది. చేతిలో పట్టుకుపోయే రకం కావాలని కదా కోడలు అన్నది అని గణపతి గుర్తు చేస్తే, పట్టుకుపోవడానికే కదా పిడీ, చక్రాలూ ఉన్నాయి అన్నాడు.

స్పీకరు ఇల్లు చేరింది. నిలబెడితే ఇక్రా కన్నా నాలుగు వేళ్ళు ఎత్తు. ముందు వైపు ఎర్రవీ నీలివీ దీపాలు గుండ్రంగా తిరుగుతాయి. సలీమ్ మనవరాలిని దాని ముందు నిలబెట్టి, వీధి వాళ్ళంతా చేరారా లేదా అని చూసుకుని మీట నొక్కాడు. మొదటి దరువుకే ఇక్రా మంచం కిందికి దూరింది. రెండో దరువుకు అలమరలోంచి స్టీలు గ్లాసులు దొర్లాయి. పిల్ల మంచం కింద నుంచి బయటికి రావడానికి సాయంత్రమైంది. అదీ, స్పీకరు మీద దుప్పటి కప్పి అది నిద్రపోయిందని నానమ్మ ఒట్టేసి చెప్పాక వచ్చింది. పిల్ల గుండె ధైర్యం లేనిదనీ, అది వాళ్ళ అమ్మవైపు నుంచి వచ్చిందనీ సలీమ్ తేల్చేశాడు.

అమ్మిన వస్తువు వాపసు తీసుకోనని గణపతి ఖరాఖండిగా చెప్పాడు. కావాలంటే మార్చుకోమన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. మార్చుకోవచ్చు అన్న మాట సలీమ్ చెవికి చేరడమంటే రిటైరైన మనిషికి మళ్ళీ డ్యూటీ వేసినట్టే. రోజూ పొద్దున చాయ్ తాగి దుకాణానికి పోవడం, నిన్న తెచ్చిన దాని తప్పులు గణపతికి వివరించడం, ఇంకోటి పట్టుకుని రావడం. పిడికిలంత నల్ల డబ్బా తెస్తే అందులోంచి పాట కన్నా ముందు ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో ప్రకటించేది. ఇంట్లో ప్రకటనలు చేసే మనిషి ఇంకొకరు ఉండడం సలీమ్‌కు నచ్చలేదు. దాన్ని మార్చాడు. తర్వాత చెవులకు తగిలించుకునే పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చాడు, పిల్లి చెవులున్నవి. ఇక్రాకు అవి నచ్చాయి. జారి మెడలో పడుతుంటే రెండు చేతులతో పట్టుకుని గంటసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ గంటలో సలీమ్ ఆమెను వరండాలోంచి ముమ్మారు పిలిచాడు. సిరొంచలో సగం మంది పలికారు గాని ఇక్రా పలకలేదు. ఆయన లేచి వచ్చి చూస్తే పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా ఊగుతోంది. తన గొంతును ఆపగలిగిన వస్తువు ఒకటి లోకంలో ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. చెవులకు చాలా ప్రమాదమని చెప్పి ఆ పూటే పట్టుకుపోయి మార్చుకుని వచ్చాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఖమరున్నీసా మాత్రం ఆ హెడ్‌ఫోన్లు పెద్దవాళ్ళకు కూడా సరిపోతాయా అని కోడల్ని గుట్టుగా అడిగింది.

ఇన్నాళ్ళ ఈ తతంగంలో ఇక్రాకు ఏం కావాలని ఒక్కరూ అడగలేదు. అడగాలన్న ఊహే సలీమ్‌కు రాలేదు. పిల్లలకేం తెలుసు అనేవాడు.

ఈలోగా సంగతి అహేరికి చేరింది. ఫాయిజా తండ్రి జహీరుద్దీన్‌కు అక్కడ బట్టల దుకాణం ఉంది. మనిషి తక్కువ మాట్లాడతాడు. గుడ్డ కొలిచేటప్పుడు కత్తెర చప్పుడు తప్ప ఆయన చప్పుడు వినపడదంటారు. కూతురు ఫోనులో చెప్పుకున్నదంతా ఆయన విన్నాడు. రెండ్రోజుల తర్వాత బస్సు కండక్టరు చేతికి ఒక పొట్లం ఇచ్చి పంపాడు. విప్పితే అందులో పసుపుపచ్చ డబ్బా, సబ్బుపెట్టె అంత. గుండ్రని మీట ఒకటి. తిప్పితే పాట మారుతుంది, నొక్కితే ఆగుతుంది. ఏం చేసినా గొంతు ఒక మేరకు మించి లేవదు. తెలుగు, హిందీ, మరాఠీ పిల్లల పాటలు ముందే నింపి ఉన్నాయి. కప్ప మీద ఒక పాట ఉంది. ఇక్రా దాన్ని పొద్దున్నించి సాయంత్రం దాకా వింది. ఫోను అడగలేదు. అన్నం తానే కలుపుకుని తింది. ఫాయిజా కోరిందంతా అందులో ఉంది, కోరనిది ఒక్కటీ లేదు.

సలీమ్ ఆ డబ్బాను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. తప్పేమీ దొరకలేదు. అదే పెద్ద తప్పుగా తోచింది. అంత చిన్నదాంట్లో బ్యాటరీ ఎంత ఉంటుందన్నాడు. పసుపు రంగు కళ్ళకు వేడి అన్నాడు. పాటలు వాళ్ళే నింపి ఇస్తే ఇగ మనం నింపేదేముందన్నాడు. ఆఖరికి, ఇంత మంచి వస్తువు పిల్ల చేతిలో పగిలిపోతుందనీ, భద్రంగా దాచాలనీ చెప్పి అలమరలో పెట్టి తాళం వేశాడు. ఇక్రా ఏడిస్తే, దీని తాత లాంటిది తెస్తానని మాటిచ్చాడు. తేవడానికి గణపతి దుకాణంలో ఇక మిగిలిందేమీ లేదు. గణపతి ఆయన రావడం దూరం నుంచి చూసి షట్టరు సగం దించేస్తున్నాడు.

ఒక పొద్దున సలీమ్ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, రిటైరైన వాళ్ళకు ఎస్టీ ఇచ్చే పాసు జేబులో పెట్టుకుని గడ్చిరోలి బస్సెక్కాడు. పిల్ల పాటల డబ్బా కోసం జిల్లా కేంద్రం దాకా పోవడం ఏమిటని ఫైజ్ అనబోయి, చూద్దాం అని ఊరుకున్నాడు. ఆ దారి సంగతి తెలిసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గుంతకు గుంతకూ నడుము విరిగింది. ఆలపల్లి దగ్గర బస్సు ఆగితే దిగి, అక్కడి కంట్రోలరు ప్రకటన ఎంత పేలవంగా చేస్తున్నాడో అతనికి వివరించి మళ్ళీ ఎక్కాడు. చామోర్షి దాటేసరికి పక్క సీటు మనిషి నిద్ర నటించడం మొదలుపెట్టాడు.

గడ్చిరోలిలో ఒక పెద్ద దుకాణంలో అర్ధపూట కూర్చున్నాడు. దుకాణదారు అలసట లేని మనిషి. చూపించినవన్నీ కాదంటుంటే, చివరికి నీలం రంగుది ఒకటి తీశాడు. ఏనుగు ఆకారం, ఎత్తి పట్టుకోవడానికి తొండం, మెడలో వేసుకోవడానికి తాడు. ఇందులో పాటలే కాదు, మనుషుల మాటలు కూడా దాచుకోవచ్చు అని, ఏనుగు బొడ్డు దగ్గరున్న ఎర్రమీట చూపించి, ఏదైనా మాట్లాడమన్నాడు. సలీమ్‌కు తడుముకోవాల్సిన పని లేకపోయింది. అహేరి నుంచి సిరొంచ పోయే బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉందని, ఆలపల్లి, జిమ్మలగట్ట, బామ్ని ప్రయాణికులు గమనించాలని గుక్క తిప్పుకోకుండా మరాఠీలో చెప్పాడు. దుకాణంలో ఇద్దరు ముగ్గురు తమ సంచులు అందుకున్నారు. దుకాణదారు మీట వదిలాడు. ఏనుగు నోట్లోంచి అదే గొంతు, అదే గంభీరం, అదే చివరి దీర్ఘం. సలీమ్‌కు కళ్ళు చెమర్చాయి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, గొంతు ఎంతకు పెరుగుతుందో, పిల్ల చేతికి ఆ మీటలు అందుతాయో లేదో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇంకోసారి వినిపించమన్నాడు అంతే.

ఇంటికి వచ్చాక దాని గొప్ప చెప్పడానికి ఆయనకు రోజు సరిపోలేదు. పాటలు ఎవరైనా పాడతారు, పెద్దల మాటలు దాచుకునే భాగ్యం ఎంత మంది పిల్లలకు ఉంటుందన్నాడు. ఇక్రాను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్రమీట నొక్కడం నేర్పాడు. పిల్ల ఒక్కసారి చెబితే నేర్చుకుంది. ఆయన నీతికథలు చెప్పి దాచాడు. పెద్దలను గౌరవించడం గురించి చెప్పి దాచాడు. జోలపాటకు బదులుగా బస్సు ఆగే ఊళ్ళన్నీ వరుసగా చెప్పి దాచాడు. ఇక్రా మర్యాద తెలిసిన పిల్ల, అన్నీ విన్నది. తర్వాత వాటి మీదనే తనకు కావలసినవి దాచుకుంది. కుక్కరు కూతలు, కోడి అరుపు, నానమ్మ గురక. అడవి పల్లె నుంచి చింతపండు తెచ్చే భీమక్క గంప దించి నడుము పట్టుకుని తీసిన నిట్టూర్పు. ఏనుగు మెడలో వేలాడుతుండగా ఇల్లంతా తిరుగుతూ ఒక్కో చప్పుడునూ పట్టి తెచ్చి తల్లికి వినిపించేది. ఫాయిజా నవ్వేది. సలీమ్‌కు మాత్రం చిన్నతనంగా ఉండేది.

"పిచ్చి చప్పుళ్ళు ఎందుకు బేటీ? దాదా మాట్లాడేటప్పుడు నొక్కు. గిసుంటి మాటలు మళ్ళ దొరకయి" అని ఆమెకు చెప్పాడు.

ఇక్రా చెప్పిన మాట వినే పిల్ల కూడా.

నాలుగు రోజుల తర్వాత గణపతి వచ్చాడు. తన దుకాణంలో సరుకంతా తిరగేసి, ఆఖరికి గడ్చిరోలి పోయి కొనుక్కున్నాడని అతనికి కోపం. ఆ మాటే అడగడానికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. అతన్ని చల్లబరచడానికి సలీమ్‌కు ఒక దారి కనిపించింది. తప్పంతా వియ్యంకుడి మీదికి తోసేశాడు. ఆయన పంపిన చెత్త చూశాకనే తన మనసు విరిగి గడ్చిరోలి పోవాల్సి వచ్చిందన్నాడు. అక్కడ మొదలుపెట్టి చాలా దూరం పోయాడు. గణపతి కోపం మరిచిపోయి చాయ్ రెండుసార్లు తాగాడు. బల్ల కింద ఇక్రా చింతగింజలతో ఆడుకుంటోంది.

ఆ తర్వాతి వారమే జహీరుద్దీన్ సిరొంచలో ఏదో పెళ్ళికి వచ్చి, కూతుర్నీ మనవరాలినీ చూసిపోదామని ఇంటికి వచ్చాడు. సలీమ్ వీధి దాకా ఎదురెళ్ళి కౌగిలించుకున్నాడు. కుర్చీ దుమ్ము తానే దులిపాడు. ఖమరున్నీసా షర్బత్ తెచ్చింది. ఫైజ్ కూడా షాపు నుంచి వచ్చి కూర్చున్నాడు. కాసేపయ్యాక జహీరుద్దీన్, తాను పంపిన పాటల డబ్బా పిల్లకు పనికొస్తోందా అని అడిగాడు. తలుపు దగ్గర నిలబడిన ఫాయిజా నేల చూసింది.

"ఏం చెప్పాలె సమ్ధీ సాబ్. వస్తువంటే గది, ఎన్నుకునుడంటే మీది. పిల్ల జర సేపు ఇడుస్తలేదు. నేనే కరాబ్ అయితదని పైలంగ దాచిన" అన్నాడు సలీమ్. గొంతులో పటికబెల్లం కలిసింది.

ఇక్రా జహీరుద్దీన్ ఒళ్ళోకి ఎక్కింది. మెడలోని ఏనుగును చూపించింది. "నానా, ఇందుల నువ్వు గూడ ఉన్నవ్" అంది. తనను ఎప్పుడు దాచావమ్మా అని ఆయన ముచ్చటపడి అడిగాడు. ఆమె మీట నొక్కింది.

ఏనుగు నోట్లోంచి మొదట కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఆ గొంతు. డిపో మైకులోంచి వచ్చినట్టే, మాట మాట విడివిడిగా, చివర దీర్ఘంతో.

"మా సమ్ధీ సాబ్ పంపిండు గణపతీ. సబ్బుపెట్టె అంత లేదు. ఆయన దుకాన్ల చీర గూడ గంతే, పైటకు వస్తే కుచ్చిళ్ళకు రాదు. పెండ్లిల నాకు షర్టు గుడ్డ పెట్టిండు, జేబు కుట్టనీకి గుడ్డ సాలలే. గసుంటోనికి ఎన్నుకునుడు ఎట్ల తెలుస్తది? ఎవడూ కొననిదేదో చూసి చుట్టాలకు పంపుతడు. పిల్లను చూసి ఒప్పుకున్న గని, తండ్రిని చూసి ఉంటే ఆ బస్సే ఎక్కకపోదును."

సలీమ్ మొదటి మాటకే లేచాడు. ఆపుదామని ఏనుగును అందుకోబోతే, దాదా ఆటకు వచ్చాడనుకుని ఇక్రా కిలకిల నవ్వుతూ దాన్ని వీపు వెనక్కి తిప్పుకుంది. చేతికి దొరికాక ఏ మీట ఆపుతుందో ఆయనకు తెలియలేదు. చెవి పట్టుకుని తిప్పితే గొంతు ఇంకా పెరిగింది. కుచ్చిళ్ళ మాట, జేబు మాట వీధిలోకి కూడా పోయాయి. అంతా అయ్యాక గణపతి నవ్వు వినిపించి, టక్కుమని ఆగింది.

 ఫైజ్‌కు చూద్దాం అనడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఖమరున్నీసా ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి, తీసుకోకుండా అక్కడే నిలబడింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆమె ఆయన గొంతును ఇలా ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వినలేదు. వినదగ్గదిగానే ఉందనిపించింది.

జహీరుద్దీన్ షర్బత్ పూర్తి చేశాడు. గ్లాసు కింద పెట్టాడు. ఏనుగును తీసుకుని అటూ ఇటూ చూశాడు.

"ఆవాజ్ మస్తు సాఫ్ ఉంది. ఏ కంపెనీది?" అని అడిగాడు.

ఇక్కడ సలీమ్ ఊరుకుని ఉంటే బాగుండేది. సిగ్గుతో తల వంచుకున్న మనిషి, ఆ ప్రశ్న వినగానే తలెత్తాడు. కంపెనీ పేరు చెప్పాడు. దుకాణం గడ్చిరోలిలో ఎక్కడుందో చెప్పాడు. దూరం నుంచి మాట్లాడినా పట్టుకుంటుందని, గాలి మోత కూడా రాదని, అలాంటిది ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకదని చెప్పుకుంటూ పోయాడు. చెబుతుండగానే, ఏ సాక్ష్యంతో చెబుతున్నాడో తనకే తట్టి, మాట మధ్యలో ఆగిపోయాడు. అలా మధ్యలో ఆగడం ఆయనకు పుట్టిన తర్వాత అదే మొదలు.

జహీరుద్దీన్ మనవరాలిని ఎర్రమీట నొక్కమన్నాడు. ఆమె నొక్కి ఏనుగును ఆయన నోటి దగ్గర పట్టుకుంది. ఆయన గుడ్డ కొలిచే మనిషిలాగే మాట కొలిచి మాట్లాడాడు.

"సలీమ్ భాయ్, మాది అహేరి. మీ మైకు విని బస్సెక్కినోళ్ళం మేము. మీరు రెండో ప్లాట్‌ఫారం అంటే ఊరందరం మొదటి దాని మీద నిలబడేటోళ్ళం. బస్సు ఒక్కనాడు తప్పలే. గందుకే ఎన్నుకునే కాడ మిమ్ముల మస్తు నమ్ముత. మీరు కాదన్నది తీస్కుంట. ఇగ జేబు సంగతంటరా, మీరు ఇప్పుడు తొడుక్కున్నది నేను పెట్టిన గుడ్డనే. జేబు ఉంది, సూస్కోరి."

సలీమ్ తనకు తెలియకుండానే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. జేబు ఉంది. అందులో ఎస్టీ పాసు కూడా ఉంది.

జహీరుద్దీన్ ఏ కోపమూ లేకుండా భోజనం చేశాడు. మాంసం బాగా కుదిరిందని వియ్యపురాలిని మెచ్చుకున్నాడు. పోతూ పోతూ మనవరాలి నెత్తిన ముద్దు పెట్టాడు. సలీమ్‌ను వచ్చినప్పుడు ఎలా కౌగిలించుకున్నాడో అలాగే కౌగిలించుకున్నాడు. సలీమ్‌కు అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. వియ్యంకుడు మలుపు తిరిగాక వరండాలోకి వచ్చి కూర్చుని, ఎవరినీ చాయ్ అడగలేదు.

 ఫాయిజా మామను అలమర తాళం చెవి ఇమ్మంది. ఆయన ఇచ్చాడు. పసుపుపచ్చ డబ్బా బయటికి వచ్చింది. కప్ప పాట మళ్ళీ మొదలైంది. ఇక్రా ఏనుగును వారం తిరక్కుండానే మరిచిపోయింది. చప్పుళ్ళు పట్టే ఆట ఆమెకు మొహం మొత్తింది. ఇంకో కారణం కూడా ఉంది. అది మెడలో ఉంటే ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడడం లేదు, పట్టడానికి ఏమీ దొరకడం లేదు.

ఏనుగును తీసుకున్నది ఖమరున్నీసా. దాని మొహం తడిగుడ్డతో తుడిచి, వరండాలో భర్త కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా, గోడ గూట్లో పెట్టింది. ఎందుకు పెట్టావని ఆయన అడిగితే, అందంగా ఉందని పెట్టానంది. 

ఆ రోజు నుంచి సలీమ్ గొంతు తగ్గింది. ముందు వియ్యంకుడి మాట ఎత్తడం మానేశాడు. తర్వాత కోడలి మాట, ఆ తర్వాత వీధి వాళ్ళ మాట. ఇవన్నీ పోయాక మాట్లాడడానికి తనకు పెద్దగా ఏమీ మిగల్లేదని ఆయనకే వింతగా తోచింది. చాయ్ కావాలంటే లేచి వంటింటి గడప దాకా పోయి అడుగుతున్నాడు. మరీ పట్టలేకపోతే బస్టాండుకు పోయి, బస్సు కోసం కూర్చున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి వస్తున్నాడు. వాళ్ళు బస్సు రాగానే లేచి వెళ్ళిపోతారు.

మొన్న పక్కింటి దేవక్క వచ్చింది. కొడుకు కూలరు కొనిస్తానన్నాడట, ప్లాస్టిక్‌ది మంచిదా, ఇనుపది మంచిదా, సలీమ్ భాయ్‌ని అడిగి కొందామని వచ్చింది. సలీమ్ ముందుకు వంగాడు. కళ్ళల్లో పాత వెలుగు వచ్చింది. నోరు తెరిచాడు. అంతలో గూట్లోని ఏనుగు కనిపించింది.

"నీకేది నచ్చితే గదే తీస్కో దేవక్కా" అన్నాడు మెల్లగా.

దేవక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత వంటింటి వైపు పోయి, భాయ్‌కి ఒంట్లో బాగుండడం లేదా, డాక్టరుకు చూపించారా అని ఖమరున్నీసాను గుసగుసగా అడిగింది. ఆయన ఆరోగ్యం ఇంత బాగా ఎప్పుడూ లేదని ఖమరున్నీసా చెప్పి, ఆమెను చాయ్ తాగి పొమ్మని కూర్చోబెట్టింది.

ఏనుగులో చార్జింగ్ అయిపోయి చాలా రోజులైంది. దాని తీగ ఫైజ్ షాపుకు పట్టుకుపోయాడు, తిరిగి తేలేదు. ఆ సంగతి ఖమరున్నీసాకు తెలుసు, ఫాయిజాకు తెలుసు, ఐదేళ్ళ ఇక్రాకు కూడా తెలుసు. సలీమ్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదు.